ఆట – తీర్పు – అదృష్టం

(పాఠశాల ప్లాటినం జూబిలీ ఉత్సవాలలో భాగంగా జరిగిన క్రీడా సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



డెబ్బై అయిదేళ్లు నిండిన పాఠశాలకు తరగతి గది ఎంత ముఖ్యమో ఆటస్థలమూ అంతే ముఖ్యం. గదిలో నేర్చిన పాఠం కొంతకాలానికి మరపున పడవచ్చు. ఓడిన రోజున తలవంచక నిలబడడం ఎట్లాగో ఆటస్థలంలో నేర్చిన విద్య మాత్రం కడదాకా వెంట వస్తుంది. అందువల్లనే ఈనాటి ప్రసంగానికి ఆటకు సంబంధించిన ఒక ప్రశ్న విషయమైనది. గెలిచిన జట్టు ముందుకు, ఓడిన జట్టు ఇంటికి అనే నాకౌట్ పోటీలకు ముందు ఫుట్‌బాల్ మేనేజర్లు రిఫరీ తీర్పులను గూర్చి, అదృష్టాన్ని గూర్చి అంతగా ఎందుకు మాట్లాడతారు? ఆ మాటల ఫలితాన్ని చివరకు అనుభవించేది ఎవరు?

ఫుట్‌బాల్‌లో మేనేజర్ అంటే లెక్కలు చూసుకొనే కార్యాలయాధికారి కాడు. ఆటగాళ్లను ఎంపిక చేసేవాడు, వ్యూహం రచించేవాడు, గెలిస్తే పూలమాల, ఓడితే నింద స్వీకరించేవాడు అతడే. యూరప్‌లోని పెద్ద పోటీలలో ఆటకు ముందురోజు మేనేజర్ పత్రికా విలేఖరుల ముందు కూర్చొని ప్రశ్నలకు సమాధానం చెప్పడం ఆనవాయితీ. ఆ అరగంటలో అతడు ఆడిన మాట మరునాటి ఉదయానికి దేశదేశాల పత్రికలకు ఎక్కుతుంది. ఆ మాటలో రిఫరీ పేరు దొర్లిందంటే అది ఊరక దొర్లినది కాదని అనుభవజ్ఞులకు తెలుసు.

ముందుగా నాకౌట్ పోటీ స్వభావాన్ని గమనించాలి. ఇరవై జట్ల లీగ్‌లో ఒక్కొక్క జట్టు ఏడాదికి 38 ఆటలు ఆడుతుంది. ఒకనాడు రిఫరీ పొరపాటు వల్ల నష్టం కలిగితే మరొకనాడు లాభం కలగవచ్చు. చివరకు లెక్క కొంతవరకైనా సరిపోతుంది. నాకౌట్‌లో అట్టి అవకాశం లేదు. పైగా ఫుట్‌బాల్ గోల్స్ తక్కువగా పడే ఆట. 2018 ప్రపంచకప్‌లో 64 ఆటలకు 169 గోల్స్, 2022 ప్రపంచకప్‌లో 64 ఆటలకు 172 గోల్స్ పడ్డాయి. అంటే రెండు జట్లకూ కలిపి ఆటకు మూడు గోల్స్ కూడా లేవు. క్రికెట్‌లో ఒక తప్పుడు తీర్పును మరొక ఆటగాడు వంద పరుగులు చేసి మాపవచ్చు. ఫుట్‌బాల్‌లో ఒక్క పెనాల్టీ, ఒక్క ఎర్రకార్డు, ఒక్క ఆఫ్‌సైడ్ జెండా నాలుగేళ్ల కృషికి తెరదించగలదు. మేనేజర్ల భయం ఉత్తుత్తి భయం కాదని దీనివల్ల తేలుతున్నది.

ఇక అదృష్టం మాట. పూర్వం నాకౌట్‌లో అదృష్టం నిజంగానే తుది తీర్పరి. 1968 యూరోపియన్ ఛాంపియన్‌షిప్ సెమీఫైనల్‌లో నేపుల్స్ నగరంలో ఇటలీ, సోవియట్ యూనియన్ జట్లు అదనపు సమయం ముగిసినా ఒక్క గోల్ చేయలేకపోయాయి. విజేతను నిర్ణయించడానికి నాణెం ఎగురవేశారు. ఇటలీ నాయకుడు ఫకెట్టి కోరినట్లు పడింది; ఇటలీ ఫైనల్‌కు వెళ్లి ఆ కప్పు గెలిచింది. రెండు గంటల శ్రమను ఒక నాణెం తేల్చడం ఎవరికీ రుచించలేదు. 1970లో ఆట నియమాలను రూపొందించే అంతర్జాతీయ మండలి పెనాల్టీ కిక్కుల పద్ధతిని ఆమోదించింది. నాణెం పోయి పెనాల్టీ వచ్చింది గాని మాట మారలేదు. పెనాల్టీలంటే లాటరీయేనని అనేవారు నేటికీ ఉన్నారు.

రిఫరీ మీద ఆరోపణకు చరిత్ర ఇంకా పొడుగు. 1966 జులై 30న లండన్ వెంబ్లీ మైదానంలో ఇంగ్లండ్, పశ్చిమ జర్మనీల మధ్య ప్రపంచకప్ ఫైనల్ జరిగింది. అదనపు సమయంలో జెఫ్ హర్‌స్ట్ కొట్టిన బంతి గోల్‌కు పైనున్న అడ్డబద్దను తాకి కిందపడి వెనుకకు ఎగిరింది. బంతి గీత దాటిందా, లేదా? స్విట్జర్లాండ్‌కు చెందిన రిఫరీ డీన్‌స్ట్, సోవియట్ అజర్‌బైజాన్‌కు చెందిన లైన్స్‌మన్ బహ్రామోవ్‌ను సంప్రదించి గోల్ ఇచ్చాడు. ఇంగ్లండ్ 4–2తో గెలిచింది. జర్మనీలో ఆ గోల్‌ను గూర్చిన వాదన తరతరాలుగా సాగింది. అజర్‌బైజాన్ రాజధాని బాకూలో మాత్రం ఒక స్టేడియానికి బహ్రామోవ్ పేరు పెట్టుకొన్నారు. ఒకే జెండా ఊపు ఒక దేశానికి మానని గాయం, మరొక దేశానికి గర్వకారణం!

ఇరవై ఏళ్లకు ఇంగ్లండ్ వంతు వచ్చింది. 1986 జూన్ 22న మెక్సికో నగరంలోని ఆజ్‌టెక్ మైదానంలో అర్జెంటీనా ఆటగాడు మారడోనా బంతిని చేతితో గోల్‌లోకి నెట్టాడు. ట్యునీషియా రిఫరీ బెన్నాసర్ అది చూడలేదు. ఇంగ్లండ్ 2–1తో ఓడి ఇంటిదారి పట్టింది. ఆనాటి ఇంగ్లండ్ మేనేజర్ బాబీ రాబ్సన్. పదేళ్ల తరువాత ఇదే రాబ్సన్ స్పెయిన్‌లోని బార్సిలోనా క్లబ్బుకు మేనేజర్‌గా వెళ్లాడు. అక్కడ అతని మాటను అనువదించిన సహాయకుడు పోర్చుగల్ యువకుడు జోసే మౌరిన్యో. అదే జట్టులో నడిమైదానంలో ఆడినవాడు పెప్ గార్డియోలా. ఈ ఇద్దరూ తరువాతి కాలంలో ప్రపంచప్రసిద్ధ మేనేజర్లయ్యారు. నాకౌట్ పోటీకి ముందు మాటల యుద్ధం ఎట్లా ఉంటుందో తెలిసికోవడానికి ఆ ఇద్దరినీ మించిన ఉదాహరణ లేదు.

2011 వసంతంలో రియల్ మాడ్రిడ్, బార్సిలోనా జట్లు పద్దెనిమిది రోజుల్లో నాలుగుసార్లు తలపడ్డాయి. మాడ్రిడ్‌కు మౌరిన్యో, బార్సిలోనాకు గార్డియోలా మేనేజర్లు. ఏప్రిల్ 16న జరిగిన లీగ్ ఆట 1–1తో సమమైంది. ఏప్రిల్ 20న వలెన్సియా నగరంలో స్పెయిన్ రాజుగారి కప్పు ఫైనల్ జరిగింది. బార్సిలోనా ఆటగాడు పెడ్రో చేసిన గోల్‌ను లైన్స్‌మన్ ఆఫ్‌సైడ్‌గా ప్రకటించాడు. ఎడము కొన్ని అంగుళాలే గాని తీర్పు సరైనదే. అదనపు సమయంలో రొనాల్డో తలతో చేసిన గోల్‌తో మాడ్రిడ్ గెలిచింది. ఆట ముగిసిన తరువాత గార్డియోలా ఆ స్వల్పమైన ఎడమును ప్రస్తావించాడు.

వారం తిరిగేసరికి ఏప్రిల్ 27న యూరప్ ఛాంపియన్స్ లీగ్ సెమీఫైనల్ మొదటి ఆట. ముందురోజు మౌరిన్యో విలేఖరుల ముందు కూర్చొని ఒక సిద్ధాంతం వినిపించాడు. లోకంలో మేనేజర్లు ఇంతవరకు రెండు తరగతులట. రిఫరీలను గూర్చి మాట్లాడని చిన్న గుంపు ఒకటి. రిఫరీ తప్పు చేసినప్పుడు విమర్శించే పెద్ద గుంపు మరొకటి. తాను ఆ రెండవ గుంపులోని వాడినని ఒప్పుకొన్నాడు. ఇప్పుడు మూడవ తరగతి పుట్టిందనీ, అందులో ఒకే ఒక్కడున్నాడనీ, రిఫరీ సరైన తీర్పు ఇచ్చినా విమర్శించే ఆ ఏకైక వ్యక్తి గార్డియోలా అనీ చమత్కరించాడు.

ఆ సాయంకాలం గార్డియోలా వచ్చి కూర్చున్నాడు. సాధారణంగా మితభాషి అయిన ఆ మనిషి ఆనాడు నిగ్రహం సడలించాడు. తాను కప్పు గెలిచిన మాడ్రిడ్‌ను అభినందించాననీ, లైన్స్‌మన్ జాగ్రత్తగా చూశాడని మాత్రమే అన్నాననీ వివరించాడు. విలేఖరుల గదిలో మౌరిన్యోను మించిన మొనగాడు లేడనీ, మైదానం వెలుపలి కప్పును అతడే ఇంటికి తీసికొని పోవచ్చుననీ, మరునాటి రాత్రి ఎనిమిది ముప్పావుకు తమ కలయిక మైదానంలోననీ ముక్కుసూటిగా చెప్పాడు. ఆ మాటల్లో ఒకటి రెండు మోటు పలుకులూ ఉన్నాయి.

మరునాడు జర్మనీ రిఫరీ స్టార్క్ మాడ్రిడ్ ఆటగాడు పెపెకు 61వ నిమిషంలో ఎర్రకార్డు చూపాడు. నిరసన తెలిపిన మౌరిన్యోను ప్రేక్షకుల గ్యాలరీకి పంపాడు. ఆ తరువాత మెస్సీ రెండు గోల్స్ చేశాడు. బార్సిలోనా 2–0తో గెలిచింది. ఆట ముగిశాక మౌరిన్యో ‘ఎందుకు? ఎందుకు?’ అని పదే పదే ప్రశ్నిస్తూ, గత సంవత్సరాలలో బార్సిలోనాకు అనుకూలంగా తీర్పులిచ్చారంటూ పలువురు రిఫరీల పేర్లను వరుసగా చదివాడు. యూరప్ ఫుట్‌బాల్ సంఘం మొదట అతనిపై అయిదు ఆటల నిషేధం, 50 వేల యూరోల జరిమానా విధించింది. విజ్ఞప్తి మీద నిషేధంలో కొంత సడలించింది. ఎర్రకార్డు న్యాయమా కాదా అన్న వాదన మాడ్రిడ్ వీధుల్లో ఎంతకాలమైనా సాగవచ్చు. ఇక్కడ గమనించవలసినది వేరు. రిఫరీ అనే మాట ఆటకు ఒకరోజు ముందే మైదానం మధ్య పాతుకొన్నది. ఆట మొదలయ్యేసరికి ఇరువైపుల ఆటగాళ్లూ బంతిని కొంత, ఈలను కొంత చూస్తున్నారు.

ఇట్టి మాటలను ఎవరు వినాలని మేనేజర్ ఆశిస్తాడు? శ్రోతలు నలుగురు. మొదటివాడు రిఫరీ. నిన్ను లోకమంతా చూస్తున్నది, అనుమానం వచ్చిన చోట మా వైపు మొగ్గు అనే సంకేతం అతనికి. రెండవవారు స్వంత ఆటగాళ్లు. లోకమంతా మనకు ఎదురుతిరిగింది, కాబట్టి ఒక్కటై పోరాడుదామనే కసి వారికి. మూడవవాడు ఎదుటి మేనేజర్. వ్యూహం ఆలోచించవలసిన వేళలో మాటకు మాట అందించే పనిలో పడతాడు. నాలుగవవారు అభిమానులు, యాజమాన్యం. రేపు ఓడితే కారణం ఈనాడే సిద్ధమై ఉంటుంది. వర్షాకాలానికి ముందే గొడుగు కొని పెట్టుకొన్నట్లు, ఓటమికి ముందే సాకు కొని పెట్టుకోవడం ఇది. ఆడలేక మద్దెల ఓడు అనడం పాత సామెత. ఇక్కడ ఆట ఇంకా మొదలు కాలేదు. మద్దెల మాత్రం ఓటిదని ముందే చాటింపు అయింది.

మొదటి శ్రోత మీద ఒత్తిడి పని చేస్తుందా? రిఫరీ కూడా మనిషే. ఇంగ్లండ్ పరిశోధకులు 2002లో ప్రచురించిన ఒక అధ్యయనంలో 40 మంది అర్హత గల రిఫరీలకు ఒక ఆటలోని 47 ఘటనలను వీడియోలో చూపారు. కొందరికి ప్రేక్షకుల కేకలతో, కొందరికి నిశ్శబ్దంగా చూపారు. కేకలు విన్నవారు స్వంత మైదానపు జట్టు మీద తక్కువ ఫౌళ్లు ప్రకటించారు. వారు పక్షపాతులు కారు. ఎదుట ఆడుతున్న జట్లతో వారికి ఏ బంధుత్వమూ లేదు. చెవిన పడిన హోరు వారికి తెలియకుండానే నిర్ణయంలో కలిసిపోయింది. 2020లో అంటువ్యాధి కారణంగా ఖాళీ మైదానాలలో ఆటలు జరిగినప్పుడు, పరజట్లకు కార్డులు చూపడంలో అంతకుముందున్న తేడా తగ్గిందని పలు పరిశోధనలు తేల్చాయి. హోరుకు ఇంత ప్రభావం ఉన్నప్పుడు మాటకూ ఉంటుందని మేనేజర్లు నమ్మడంలో ఆశ్చర్యం లేదు.

కాని ఆ నమ్మకానికి చెల్లించవలసిన వెల ఎంతో 2005 నాటి ఉదంతం చెబుతుంది. అప్పుడు మౌరిన్యో లండన్‌లోని చెల్సీ జట్టుకు మేనేజర్. ఫిబ్రవరి 23న బార్సిలోనాలో ఛాంపియన్స్ లీగ్ నాకౌట్ మొదటి ఆట. విరామానికి చెల్సీ 1–0 ఆధిక్యంలో ఉంది. రెండవ సగంలో స్వీడన్ రిఫరీ ఆండర్స్ ఫ్రిస్క్ చెల్సీ ఆటగాడు ద్రోగ్బాను బయటకు పంపాడు. బార్సిలోనా 2–1తో గెలిచింది. విరామ సమయంలో బార్సిలోనా మేనేజర్ రైకార్డ్ రిఫరీ గదిలోకి వెళ్లాడని చెల్సీ పక్షం ఆరోపించింది. రెండవ ఆటకు ఇంకా రెండు వారాలున్నాయి. ఆ రెండు వారాలూ ఆ ఆరోపణ పత్రికలలో మారుమ్రోగింది.

ఫలితం? చెల్సీ మార్చి 8న స్వంత మైదానంలో 4–2తో గెలిచి ముందంజ వేసింది. నాలుగు రోజులకు, మార్చి 12న, ఫ్రిస్క్ రిఫరీ వృత్తి నుంచి తప్పుకొన్నాడు. అప్పటికి అతని వయస్సు 42. అభిమానులమని చెప్పుకొనే గుర్తు తెలియనివారి నుంచి తనకూ తన కుటుంబానికీ ప్రాణహాని బెదిరింపులు వస్తున్నాయనీ, అట్టి బ్రతుకు తనకు వద్దనీ చెప్పాడు. యూరప్ సంఘపు రిఫరీల విభాగాధిపతి ఫోల్కర్ రోత్ అట్టి మేనేజర్లను ఆటకు శత్రువులుగా పేర్కొన్నాడు. సంఘం ఆ ఆరోపణలు అసత్యమని తేల్చి మౌరిన్యోకు రెండు ఆటల నిషేధం విధించింది. రెండు ఆటలు గడిచిపోయాయి. మేనేజర్ తిరిగి వచ్చాడు. ఫ్రిస్క్ మాత్రం మరల ఈల పట్టలేదు. మేనేజర్ బెదిరించమని ఎవరినీ కోరలేదన్నది నిజం. అయితే ఎండిన గడ్డి దగ్గర నిప్పురవ్వ విసిరినవాడు గాలి వీచడం తన తప్పు కాదని తప్పించుకోలేడు.

ఈ ప్రమాదాన్ని గుర్తించి ఇంగ్లండ్ ఫుట్‌బాల్ సంఘం ఒక కఠిన నియమం పెట్టింది. జరగబోయే ఆటకు నియమితుడైన రిఫరీని గూర్చి మేనేజర్ ముందుగా ఏమీ మాట్లాడరాదు. నింద మాత్రమే కాదు, పొగడ్త కూడ నిషిద్ధమే. 2011 మేలో మాంచెస్టర్ యునైటెడ్ మేనేజర్ సర్ అలెక్స్ ఫెర్గూసన్ చెల్సీతో ఆటకు ముందు రిఫరీ హోవర్డ్ వెబ్‌ను మెచ్చుకొన్నందుకు అభియోగం ఎదుర్కొన్నాడు. పొగిడితే తప్పేమిటని పలువురు విస్తుపోయారు. ఆలోచిస్తే నియమంలోని మర్మం బోధపడుతుంది. న్యాయస్థానం మెట్ల మీద నిలబడి న్యాయమూర్తిని ఎలుగెత్తి కీర్తించే కక్షిదారుని ఉద్దేశమేమిటో ఎవరికి తెలియదు? నిందలో బెదిరింపు ఉన్నట్లే పొగడ్తలో బేరం ఉంటుంది.

అయితే రిఫరీ తప్పులు చేయడా? చేస్తాడు, ఘోరమైన తప్పులే చేస్తాడు. వాటిని అనుభవించినవారిలో ఇటలీకి చెందిన వృద్ధ మేనేజర్ జొవాన్ని ట్రపట్టోని ఒకడు. 2002 జూన్ 18న ప్రపంచకప్ నాకౌట్‌లో అతని ఇటలీ జట్టు ఆతిథ్య దక్షిణ కొరియాను ఎదుర్కొన్నది. ట్రపట్టోని పవిత్రజలం సీసా వెంట తెచ్చుకొన్నాడు. ఈక్వెడార్ రిఫరీ మొరేనో అదనపు సమయంలో ఇటలీ ఆటగాడు టొట్టిని బయటకు పంపాడు; తొమ్మాసి చేసిన గోల్‌ను ఆఫ్‌సైడ్‌గా కొట్టివేశారు. 117వ నిమిషంలో ఆన్ జుంగ్ హ్వాన్ గోల్‌తో ఇటలీ ఓడింది. ఇటలీ దేశం యావత్తూ రిఫరీని దుమ్మెత్తిపోసింది.

ఆ ఆగ్రహానికి కారణం ఉంది. కాని ఆ ఆగ్రహపు పొగలో కొన్ని సంగతులు కనుమరుగయ్యాయి. 1–0 ఆధిక్యంలో ఉండగా ట్రపట్టోని గోల్స్ చేయగల దెల్ పియెరోను తప్పించి, రక్షణలో దిట్టయైన గట్టూసోను దించాడు. 88వ నిమిషంలో ఇటలీ రక్షకుని తడబాటు వల్లనే కొరియా స్కోరు సమం చేసింది. చివరి నిమిషాలలో గోల్ ముందు దొరికిన సులువైన అవకాశాన్ని వియెరి చేజార్చాడు. వీటిలో దేనికీ రిఫరీ ఈల కారణం కాదు. ఓడినవారికి రిఫరీ తప్పు ఒక్కటే కనబడితే తమ తప్పులు దిద్దుకొనే తరుణం తప్పిపోతుంది. సాకు చెప్పడంలోని అసలు నష్టం ఇదే.

ఏడేళ్ల తరువాత ట్రపట్టోని ఐర్లండ్ మేనేజర్. 2009 నవంబరు 18న పారిస్‌లో ఫ్రాన్స్‌తో ప్రపంచకప్ అర్హత కోసం చివరి ఆట. అదనపు సమయంలో ఫ్రాన్స్ నాయకుడు ఆన్రీ బంతిని చేతితో ఆపి అందించగా గలాస్ గోల్ చేశాడు. స్వీడన్ రిఫరీ హాన్సన్‌కు ఆ చేయి కనబడలేదు. తన చేతికి బంతి తగిలిందని ఆన్రీ తరువాత ఒప్పుకొన్నాడు. ఆట మరల జరపాలన్న ఐర్లండ్ కోరిక నెరవేరలేదు. అదే ఆటలో కీన్, డఫ్ అనే ఐర్లండ్ ఆటగాళ్లు గోల్‌కీపర్‌కు ఎదురుగా నిలిచి కూడా అవకాశాలు వదులుకొన్నారన్నది ఎందరికి గుర్తుంది?

ట్రపట్టోనిని 2002లో ఓడించిన కొరియా జట్టు మేనేజర్ గూస్ హిడింక్ కథ మరింత ఆసక్తికరం. ఆ ఏడాది అదృష్టం తన పక్షాన ఉన్నదని లోకం అన్నది. 2006 ప్రపంచకప్‌లో ఆయన ఆస్ట్రేలియా మేనేజర్. నాకౌట్‌లో ఎదురైనది మరల ఇటలీయే. గోల్స్ లేకుండా ఆట ముగియబోతుండగా చివరి క్షణంలో గ్రోసో కిందపడగా రిఫరీ ఇటలీకి పెనాల్టీ ఇచ్చాడు. ఆ పెనాల్టీని గోల్ చేసినవాడు నాలుగేళ్ల క్రితం హిడింక్ జట్టు మీద ఎర్రకార్డు పొందిన టొట్టి! 2009 మే 6న హిడింక్ చెల్సీ మేనేజర్‌గా బార్సిలోనాను ఎదుర్కొన్నాడు. చెల్సీ అడిగిన పెనాల్టీలను నార్వే రిఫరీ ఊవ్రెబో పదేపదే నిరాకరించాడు. 93వ నిమిషంలో ఇనియెస్టా గోల్‌తో బార్సిలోనా ఫైనల్‌కు వెళ్లింది. ఆనాడు తన వల్ల పొరపాట్లు జరిగాయని ఊవ్రెబో తరువాతి కాలంలో అంగీకరించాడు. ఏటాం బుట్టల వలె పైకి పోయినది కిందికి, కిందికి పోయినది పైకి. మేనేజర్లు దురదృష్టాన్ని తారీఖులతో సహా గుర్తుంచుకొంటారు. అదృష్టాన్ని ప్రతిభ ఖాతాలో జమకట్టుకొంటారు.

దైవమా, పురుషకారమా అన్న విచారం తెలుగువారికి కొత్త కాదు. రెండు చక్రాలూ ఉంటేనే బండి నడుస్తుందన్నది పెద్దల నిర్ణయం. అందులో మనిషి చేతిలో ఉన్నది ఒక చక్రమే. ఆ చక్రాన్ని చక్కదిద్దుకొన్నవాడు ఇంగ్లండ్ మాజీ మేనేజర్ గారెత్ సౌత్‌గేట్. 1996 యూరోపియన్ ఛాంపియన్‌షిప్ సెమీఫైనల్‌లో జర్మనీ మీద పెనాల్టీ చేజార్చినవాడు ఆయనే. ప్రపంచకప్‌లలో 1990, 1998, 2006 సంవత్సరాలలో ఇంగ్లండ్ పెనాల్టీలలోనే ఓడింది. పెనాల్టీలు లాటరీ అని సరిపెట్టుకోవడానికి సౌత్‌గేట్‌కు కావలసినంత అవకాశం ఉంది. ఆయన ఆ దారి పట్టలేదు. ఒత్తిడిలో ప్రదర్శించవలసిన నైపుణ్యమే గాని అది అదృష్టం కాదని 2018 ప్రపంచకప్ సమయంలో బహిరంగంగా చెప్పాడు. నెలల ముందు నుంచి సాధన చేయించాడు. 2018 జులై 3న కొలంబియా మీద ఇంగ్లండ్ తొలిసారి ప్రపంచకప్ పెనాల్టీ పోరులో గెలిచింది. 2021లో యూరప్ ఫైనల్‌లో అదే జట్టు ఇటలీ చేతిలో పెనాల్టీలలోనే ఓడిందన్నదీ నిజమే. సాధన గెలుపుకు హామీ పత్రం కాదు. ఓడినప్పుడు కూడ ఎక్కడ వెదకాలో అది చూపుతుంది.

యంత్రాలు వస్తే ఈ గొడవ తీరుతుందని చాలామంది ఆశించారు. 2010 జూన్ 27న ప్రపంచకప్‌లో జర్మనీ మీద ఇంగ్లండ్ ఆటగాడు లాంపార్డ్ కొట్టిన బంతి స్పష్టంగా గీత దాటినా గోల్ ఇవ్వలేదు. 1966కు బదులు తీరిందని జర్మన్లు నవ్వుకొన్నారు. ఆ ఉదంతం తరువాత గీత దాటిన బంతిని గుర్తించే సాంకేతిక విధానానికి 2012లో ఆమోదం లభించి, 2014 ప్రపంచకప్‌లో అమలయింది. 2018 ప్రపంచకప్‌కు వీడియో సహాయ రిఫరీలు వచ్చారు. గోల్, పెనాల్టీ, నేరుగా ఎర్రకార్డు, పొరపాటున ఒకరికి బదులు మరొకరిని శిక్షించడం అనే నాలుగు సందర్భాలలోనే ఆనాడు వారు కలుగజేసుకొనేవారు. సక్రమమైన ఫిర్యాదు ఆటకు మేలు చేస్తుందనడానికి ఈ మార్పులే నిదర్శనం. తప్పును ఆధారంతో చూపి, పద్ధతి మార్చమని కోరడం వేరు. ఆడకముందే మనిషిని అనుమానించడం వేరు.

అయినా గొడవ తీరలేదు. 2019 ఏప్రిల్ 17న గార్డియోలా మేనేజర్‌గా ఉన్న మాంచెస్టర్ సిటీ ఛాంపియన్స్ లీగ్ నాకౌట్‌లో టోటెన్‌హామ్‌తో తలపడింది. చివరి నిమిషంలో స్టెర్లింగ్ గోల్ చేయగా మైదానమంతా పండుగ. గార్డియోలా గంతులు వేశాడు. మరుక్షణం వీడియో పరిశీలనలో ఆఫ్‌సైడ్ తేలి గోల్ రద్దయింది, సిటీ నిష్క్రమించింది. ఎనిమిదేళ్ల క్రితం అంగుళాల ఎడమును ప్రస్తావించినవాడు ఈసారి ఏమన్నాడు? తాను వీడియో విధానానికి, న్యాయమైన ఆటకు అనుకూలుడనని అన్నాడు. టోటెన్‌హామ్ గోల్‌లో బంతి చేతికి తగిలిందేమోనన్న సందేహాన్నీ ఆ వెంటనే వెలిబుచ్చాడు! మనిషి స్వభావం యంత్రంతో మారేది కాదు.

నాకౌట్ పోటీకి ముందు మేనేజర్ చెప్పదగిన మాట ఏది? దానికి సమాధానం వెదకడానికి యూరప్‌కే పోనక్కరలేదు. హైదరాబాదులో బడిపంతులుగా పనిచేసిన సయ్యద్ అబ్దుల్ రహీం జీవితంలో అది ఉంది. హైదరాబాద్ సిటీ పోలీసు జట్టుకు 1950 నుంచి 1954 వరకు వరుసగా అయిదు రోవర్స్ కప్పులు తెచ్చిన శిక్షకుడు ఆయన. భారత జట్టుకు 1951లో ఢిల్లీ ఆసియా క్రీడల స్వర్ణం, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగవ స్థానం ఆయన శిక్షణలోనే లభించాయి.

1962 ఆసియా క్రీడలు ఇండోనేషియా రాజధాని జకార్తాలో జరిగాయి. ఇజ్రాయెల్, తైవాన్ దేశాలను ఆ క్రీడలకు రానీయకపోవడాన్ని భారతదేశానికి చెందిన క్రీడాధికారి సోంధీ ఆక్షేపించడంతో స్థానికులు భారతీయుల మీద ఆగ్రహించారు. మైదానంలో భారత జట్టుకు దక్కినవి ఈలలు, ఎగతాళి కేకలు. పైగా తొలి ఆటలోనే దక్షిణ కొరియా చేతిలో 2–0 పరాజయం. రక్షకుడు జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడ్డాయి. రహీం అప్పటికే క్యాన్సర్‌తో బాధపడుతున్నారు. ఫైనల్‌లో ఎదురైనది మరల దక్షిణ కొరియాయే. దురదృష్టమని చెప్పుకోవడానికి, తీర్పులు ఎదురు తిరుగుతాయని ముందే వాపోవడానికి ఇంతకంటే తగిన సందర్భం ఏముంటుంది?

ఫైనల్‌కు ముందు రహీం తమను కోరినదేమిటో ఆనాటి ఆటగాళ్లు తరువాతి కాలంలో తలచుకొన్నారు. రేపు నాకొక కానుక కావాలి, స్వర్ణం గెలిచి ఇవ్వండి అన్నది ఆ కోరిక. అందులో రిఫరీ లేడు, ప్రేక్షకులు లేరు, అదృష్టం లేదు. గాయపడిన రక్షకుడు జర్నైల్‌ను దాడికి ముందువరుసలో నిలపడం ఆయన వ్యూహం. సెప్టెంబరు 4న పి.కె. బెనర్జీ ఒక గోల్, జర్నైల్ సింగ్ ఒక గోల్ చేశారు. సికింద్రాబాద్ సమీపాన అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాం ఆ విజేతల్లో ఒకరు. భారత్ 2–1తో గెలిచింది. మరుసటి ఏడాది జూన్ 11న రహీం కన్నుమూశారు. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో అటువంటి స్వర్ణం భారత్‌కు తిరిగి దక్కలేదు. ఆయన జీవితం ఆధారంగా 2024లో ‘మైదాన్’ అనే హిందీ చలనచిత్రం వచ్చింది.

ఈ విషయం తెలుగు మాధ్యమ పాఠశాలల విద్యార్థులకు ప్రత్యేకంగా వర్తిస్తుంది. పరభాషా ప్రాంతంలో స్థిరపడిన కుటుంబాల పిల్లలు అంతర పాఠశాలల పోటీలకు వెళ్లినప్పుడు రిఫరీ భాష వేరు, ప్రేక్షకుల కేకల భాష వేరు. ఒక పెనాల్టీ ఎదురు వస్తే, మన భాషవాడు కాదు గనుక ఇట్లా చేశాడన్న మాట నాలుక చివరనే ఉంటుంది. ఒక్కొక్కప్పుడు ఆ అనుమానం నిజం కావచ్చు కూడ. నిజమైతే ఆట ముగిసిన పిమ్మట, ఆధారంతో, నిర్వాహకులకు ఉపాధ్యాయుల ద్వారా వ్రాతపూర్వకంగా తెలియజేయడానికి మార్గం ఉంది. ఆటకు ముందే ఆ మాటను పిల్లల చెవిన వేస్తే మాత్రం రెండు నష్టాలు. కష్టపడి నేర్చిన ఆట మీద వారికి నమ్మకం సడలుతుంది. పొరుగువారి మీద ద్వేషం మొలకెత్తుతుంది. మొదటిది ఒక కప్పుతో పోయే నష్టం. రెండవది తరాలపాటు ఒకే ఊరిలో కలిసి బ్రతకవలసినవారికి తీరని నష్టం.

కాబట్టి ఆటల ఉపాధ్యాయులు, జట్టు నాయకులు పోటీకి ముందు పిల్లలతో మాట్లాడేటప్పుడు చెప్పే మాటను తూచి చెప్పవలసి ఉంటుంది. ఈల ఊదేవాడు తప్పు చేయవచ్చు. బంతి గోడకు తగిలి ఎటైనా పోవచ్చు. ఆ రెండూ తమ చేతిలో లేవు. బంతిని సరిగా అందించడం, చివరి నిమిషం వరకు పరుగెత్తడం, తోటివాడు పడితే చేయి అందించడం, ఈల వినబడగానే ఆగడం తమ చేతిలో ఉన్నవి. పోటీకి ముందు ఆ నాలుగింటినీ గూర్చి మాట్లాడితే చాలు. గెలుపు వస్తే సంతోషం. ఓటమి వస్తే మరునాటి సాధన ఎక్కడ మొదలు పెట్టాలో స్పష్టంగా తెలుస్తుంది.

డెబ్బై అయిదు వసంతాలు చూసిన ఈ ఆటస్థలం నుంచి కప్పులు తెచ్చేవారు ఎందరో రావాలి. వారితోపాటు ఈల చేతబట్టి, ఎవరి కేకలకూ చలించక తీర్పు చెప్పగల రిఫరీలు కూడ ఇక్కడి నుంచి రావాలి. ఆట నిలవడానికి ఇరువురూ కావాలి.